వెలింగ్టనులో పదునొకండు నెలలు

మన పాఠశాలలో చదువుకొను బాలబాలికలలో తండ్రులు సైన్యములో నున్నవారు ప్రతి సంవత్సరమును కొందరుందురు. వీరు జూను నెలలో చేరుదురు. ఒక్కొక్కప్పుడు బెంచీమీది చోటు తమకు అలవాటు కాకమునుపే సర్టిఫికేటు పుచ్చుకొని వెడలిపోవుదురు. మన కోస్తా జిల్లాలకు ఇది క్రొత్త సంగతి కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరమునుండి తరతరములుగా అనేక కుటుంబములవారు సైన్యమునకు పోవుచుండుటచేత ఆ యూరికి మిలిటరీ మాధవరమను పేరే స్థిరపడినది. ఈ సంవత్సరారంభమున విద్యార్థి తల్లి యొకరు ఆఫీసు గదికి వచ్చి మమ్ము ఒక ప్రశ్న అడిగిరి. ఆమె భర్తను పది నెలల శిక్షణకు దూరప్రాంతమునకు పంపుచున్నారట. కోరినయెడల కుటుంబమును వెంటదీసికొని పోవచ్చునట. "పిల్లల చదువు మధ్యలో మానిపించి వెళ్లమంటారా, ఉండిపొమ్మంటారా, టీచరుగారూ?" అని ఆమె ప్రశ్న. గంట కొట్టుచుండగా నిలుచుండి చెప్పదగిన జవాబు కాదది. అప్పటికి తోచినంత చెప్పితిమి. మిగిలినది ఇచ్చట వ్రాయుచున్నాము. మా యింటను సైనికోద్యోగము కలదు గనుకను, 2013వ సంవత్సరమున ఈ ప్రశ్నయే మా వాకిట నిలిచినది గనుకను, మాకు తెలిసినది చెప్పుట తగునని తలంచెదము.

మావారు అప్పుడు సైన్యములో మేజరుగా నుండిరి. అంతకుముందు రెండు సంవత్సరములు జమ్మూ కాశ్మీరములో పనిచేసిరి. సరిహద్దు సేవలో నుండువారు కుటుంబమును తెచ్చుకొనుటకు వీలులేదు. కాబట్టి మేము గుంటూరిలో నివసించుచు, మన పాఠశాలలో తెలుగు చెప్పుచు, ఇద్దరు బిడ్డలను పెంచుకొనుచుంటిమి. పెద్దపిల్ల రెండవ తరగతి ముగించెను. చిన్నవానికి ఐదేండ్లు నిండినవి. తండ్రి సంవత్సరమునకు రెండుసార్లు సెలవుమీద వచ్చుచుండిరి. వారు వాకిట అడుగుపెట్టగానే చిన్నవాడు కుర్చీ చూపి, "కూర్చోండి" అని చెప్పి, లోపలికి పరుగెత్తి, "అమ్మా, మంచినీళ్లు తే, చుట్టాలొచ్చారు" అనెడివాడు. చూచువారికి అది ముచ్చటగానే యుండెను. మావారు మాత్రము ఆ నీళ్లు త్రాగుచు తల వంచుకొనెడివారు.

ఆ యేట వారు స్టాఫ్ కాలేజి ప్రవేశపరీక్షలో నెగ్గిరి. ఇది మన విద్యార్థులెరుగని పరీక్ష గనుక రెండు మాటలు చెప్పవలెను. సైన్యమునందు కొంతకాలము పనిచేసిన ఆఫీసర్లు పై పదవులకు తగిన చదువు చదువుటకు ఈ కళాశాలలో చేరుదురు. దేశవిభజనకు ముందు ఇది క్వెట్టా పట్టణమున నుండెను. 1947లో దేశము విభజింపబడినప్పుడు సైన్యమును, తుపాకులును, పుస్తకములును పంచుకొనిరి. క్వెట్టా పాకిస్తానునకు పోయెను. మన వంతుకు వచ్చినవారు నీలగిరులలోని వెలింగ్టను చేరి, అచ్చటి పాత సైనిక భవనములలో 1948 ఏప్రిలులో తొలి తరగతి ప్రారంభించిరి. పరీక్షకు కూర్చుండుటకు ఇన్ని పర్యాయములు మాత్రమేయను హద్దు కలదు. పోటీ మిక్కుటము. మావారు మంచుకొండలలో, ముప్పది యైదు దాటని వయస్సులో, లాంతరు వెలుతురున పాఠములు వల్లించితిమని వ్రాసినప్పుడు, మా తొమ్మిదవ తరగతి పిల్లలకు ఆ యుత్తరము చదివి వినిపించితిమి. వారెవ్వరును నమ్మలేదు.

శిక్షణ జూను మొదలు మరుసటి ఏప్రిలు వరకు. సుమారు పదునొకండు నెలలు. కుటుంబమును తెచ్చుకొనవచ్చును, ఇల్లిత్తురు. ఇక్కడనే చిక్కు. మాకు జీతములేని సెలవు పెట్టవలెను. మా స్థానమున మరియొకరిని పెట్టుకొనుట పాఠశాలకు కష్టము. పెద్దపిల్ల తెలుగు మాధ్యమమున తరగతిలో మొదటిదిగా నుండెను. అక్కడ హిందీ, ఇంగ్లీషులతో కేంద్రీయ విద్యాలయమున చేరవలెను. మా అత్తగారికి డెబ్బది దాటినవి. రేపల్లె దగ్గరి పల్లెలో పెంకుటింటిలో ఒంటరిగా నుండిరి, ఎంత బ్రతిమాలినను ఇల్లు విడువరు. బంధువులలో ఒకరు, "భార్య ఉద్యోగానిదేముంది, మానేస్తే సరిపోతుంది" అనిరి. ఈ మాట మేము నాడును ఒప్పుకొనలేదు, నేడును ఒప్పుకొనము. శిక్షణ కళాశాలలో చదివి, పండ్రెండు సంవత్సరములు నల్లబల్లయొద్ద నిలిచి సంపాదించిన పని, మంచము కోళ్లవలె ఊడదీసి గోనెలో కట్టదగినది కాదు. సెలవు దొరకనియెడల మేము పోయియుండెడివారము కాము. హెడ్మాస్టరుగారు దయతో సెలవు వ్రాసిరి.

అత్తగారిని అడుగుటకు పల్లెకు పోయితిమి. ఆమె చింతకాయలు దంచుచు, రోకలి ఆపకుండనే, "నన్నడగటానికి ఇంతదూరం వచ్చావా, అమ్మాయీ? బిడ్డలకు తండ్రి ముఖం తెలియొద్దూ? నాకు ఇరుగుపొరుగున్నారు. వెళ్లిరండి" అనిరి. దంచిన పచ్చడి రెండు జాడీలకు ఎత్తి మా చేతిలో పెట్టిరి.

సామాను సర్దుట సైనిక కుటుంబములకు ఒక విద్య. నల్లరంగు వేసిన ఇనుప పెట్టెలు, వాటిమీద తెల్లరంగుతో పేరు, పదవి, వరుస సంఖ్య. ఏ పెట్టెలో ఏమున్నదో ఒక నోటుపుస్తకమున పట్టిక. మాకు పదునాలుగు పెట్టెలైనవి. పదునొకండు నెలలకు ఇంత యెందులకని మావారు అడిగిరి గాని, తమ పుస్తకములే మూడు పెట్టెలని తెలిసిన పిమ్మట మాటాడలేదు. పెట్టెలకంటె కాగితములే మమ్ము ఎక్కువ అలయించినవి. తల్లిదండ్రులారా, ఇది గుర్తుంచుకొనుడు. జనన పత్రమునందును, పాఠశాల సర్టిఫికేటునందును, తండ్రి సర్వీసు కాగితములందును బిడ్డ పేరు ఇంగ్లీషున ఒక్కటే అక్షరక్రమమున నుండవలెను. ఒక కార్యాలయమువారు మా పిల్ల యింటిపేరులో ఒక అక్షరము అదనముగా వేసిరి. ఆ యొక్క అక్షరమును తీయించుటకు ఎండాకాలమున మూడుసార్లు తిరిగితిమి. మేము దినమంతయు పిల్లల అక్షరదోషములు దిద్దువారమే గాని ఇంత ఖరీదైన దోషమును ఎన్నడును చూడలేదు.

పెట్టెలు లారీమీద పోయినవి. మేము గుంటూరిలో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మరునాడు కోయంబత్తూరులో దిగి, మేట్టుపాళయములో ఒక రాత్రి గడిపి, ఉదయమున కొండరైలు ఎక్కితిమి. ఈ రైలుమార్గము 1899లో కూనూరు వరకును, 1908లో ఉదకమండలము వరకును వేయబడెను; మొత్తము 46 కిలోమీటర్లు. పదునారు సొరంగములు, 250 వంతెనలు దాటవలెను. కల్లారునుండి కూనూరు వరకు పట్టాల నడుమ పండ్లుగల ఇనుప కమ్మి యుండును. ఇంజనుక్రింది పండ్లచక్రము దానిని కరచుకొనుచు ఎక్కును. పండ్రెండడుగులు సాగునప్పటికి ఇంచుమించు ఒక అడుగు పైకి పోవునంతటి యేటవాలు కలదు. ఇంజను ముందుండి లాగదు, వెనుకనుండి నెట్టును. ఇది చూచి మా చిన్నవాడు, "ఇంజను వెనకాల ఉంటే దారి ఎవరు చూస్తున్నారు?" అని భయపడెను. పెట్టె ముందరి వసారాలో జెండా పట్టుకొని నిలిచిన బ్రేకు ఉద్యోగిని మావారు చూపిరి. అప్పటినుండి కూనూరు వచ్చువరకు వాడు ఆ మనుష్యుని వీపునే కనిపెట్టుచు కూర్చుండెను.

వెలింగ్టను కూనూరును ఆనుకొనియున్న సైనిక పట్టణము. పూర్వము దానిని జక్కతల్ల యనిరి. 1860లో ఈ పేరు పెట్టిరి. సముద్రమునకు 1,800 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. గుంటూరి ఎండలో పుట్టిన మాకు జూనులోనే ఉన్నిబట్టలు తొడుగుకొనుట వింత. ఉతికిన బట్టలు మూడు దినములకును ఆరవు, ఉప్పు నీరుకారును, ఇడ్లీపిండి రెండు రాత్రులుంచినను పొంగదు. ఒకనాటి యుదయమున తలుపు తీయగా గుమ్మమునకు పది గజముల దూరమున అడవి దున్న యొకటి మా దడి చెట్లు మేయుచుండెను. అచ్చటివారికి అది వీధి ఆవుతో సమానము. తలుపు మూసికొని కూర్చుండుటయే మర్యాదయని చెప్పిరి. ఆనాడు బిడ్డలకు బడి తప్పినది.

ఇక అసలు సంగతి. తండ్రితో కలిసి యుండుటకని కొండయెక్కి వచ్చిన మాకు తండ్రి దొరకలేదు. మూడు దళముల ఆఫీసర్లును, మిత్రదేశములనుండి వచ్చిన ఆఫీసర్లును అచ్చట విద్యార్థులే. పదిమంది పండ్రెండుమంది చొప్పున ఒక్కొక్క బృందముగా కూర్చుండబెట్టి, పటములు ముందు పరచి, ఈ నదిని ఎట్లు దాటెదరు, దాటిన దండునకు అన్నము, నూనె, మందుగుండు ఎట్లు చేర్చెదరు, గాయపడినవారిని ఏ దారిని వెనుకకు పంపెదరు అని ప్రశ్నలిత్తురు. మరునాటికి జవాబు వ్రాసి తెచ్చి, లేచి నిలుచుండి, పదిమంది యెదుట సమర్థించుకొనవలెను. దీనికితోడు మద్రాసు విశ్వవిద్యాలయపు ఎమ్.ఎస్సి. పట్టము నిమిత్తము పెద్ద వ్యాసము. మావారు మధ్యాహ్నము వచ్చి, తిని, మరల పుస్తకములముందు కూర్చుండి, రాత్రి పండ్రెండు గంటలకు లేచెడివారు. వీధిలో ఏ యింటికి చూచినను అర్ధరాత్రివరకు ఒక కిటికీ వెలుగుచుండెను. బిడ్డలు ముని వ్రేళ్లమీద నడచుటయు, గుసగుసలాడుటయు నేర్చిరి. చిన్నవాడు ప్రతి సాయంకాలమును తలుపు సందులోనుండి తొంగిచూచి, "నాన్నగారికి రేపు పరీక్షా?" అని మమ్ము అడిగెడివాడు.

మొదటి రెండు నెలలు మాకును ఇది ఎందులకు వచ్చితిమి అనిపించెను. కాశ్మీరములో నున్నప్పుడు ఫోనులో వారమునకు అరగంటయైనను మాటాడుచుండిరి. ఇప్పుడు ఒకే కప్పుక్రింద అంతమాత్రమును లేదు. అయితే పొద్దుటి ఫలహారము మాత్రము నలుగురమును కలిసి తినుచుంటిమి. ఇరువది నిమిషములు. ఆ యిరువది నిమిషములలో ఒకనాడు చిన్నవాడు తన నోటుపుస్తకము తెచ్చి, లెక్క తప్పినందుకు ఎఱ్ఱసిరాతో గీచిన గీత చూపెను. మావారు లోనికి పోయి తమ కాగితము తెచ్చిరి. దానిమీదను ఎఱ్ఱగీతలు! బోధకులు అంచున ఏమో వ్రాసిరి. చిన్నవాడు రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి, "మీకే ఎక్కువ ఉన్నాయి" అని నవ్వెను. నాటినుండి వాడు తండ్రికి కుర్చీ చూపలేదు. తానే పోయి ఆయన యొడిలో కూర్చుండుచుండెను, చదువుచున్నను సరే. పెద్దలు పాఠము చదువుట, మార్కులు తక్కువైనప్పుడు ముఖము ముడుచుకొనుట, మరల కూర్చుండి వ్రాయుట, బిడ్డలు కంటితో చూచిరి. మేము బోధనాశాస్త్రమున చదివినదేదియు మా పిల్లలకు చదువుపై ఇంత శ్రద్ధ కలిగించియుండదు.

పెద్దపిల్ల సంగతి వేరు. కేంద్రీయ విద్యాలయములలో చదువు ఏప్రిలులోనే మొదలగును. మేము చేరునప్పటికి కొన్ని పాఠములు జరిగిపోయినవి. తరగతిలో టీచరమ్మగారి మాట హిందీ, బయట ఆటస్థలమున తమిళము. మా పిల్లకు రెండును రావు. ఇంటిలో గలగలలాడునది బడిలో ఆరు వారములు నోరు విప్పలేదట. ఒకనాటి రాత్రి దీపమార్పిన తరువాత, "అమ్మా, నేను ఇక్కడికొచ్చాక తెలివితక్కువదాన్నయ్యానా?" అని అడిగెను. మేము ఎన్నో సంవత్సరములుగా క్రొత్తగా వచ్చిన పిల్లలను మన తరగతులలో చూచుచుంటిమి. మాటాడనివారిని నెమ్మదియైన పిల్లలని రిజిస్టరులో వ్రాయుట ఉపాధ్యాయుల అలవాటు. ఆ మౌనములోపల ఏమున్నదో ఆ రాత్రి వినబడెను. ఆ తరగతి టీచరమ్మగారు మంచివారు. మేము పోయి చెప్పగా, పిల్లను లెక్కలలో నల్లబల్లయొద్దకు పిలుచుట మొదలుపెట్టిరి. అంకెలకు భాష అక్కరలేదు గదా. లెక్క సరిగా చేసిననాడు ప్రక్క బెంచీ తమిళ పిల్ల ఒక పెన్సిలు ఇచ్చెను. అంతట స్నేహమైనది. వారిద్దరును ఏ భాషలో మాటాడుకొనిరో మాకు నేటికిని తెలియదు.

నాలుగు నెలలలో హిందీ వచ్చినది. సంతోషించుచుండగనే రెండవ సంగతి కనబడెను: తెలుగు పోవుచున్నది. మొదట ఎక్కములు మారినవి. రెండు రెండ్లు నాలుగునకు మారుగా "దో దూనీ చార్" వచ్చెను. పిమ్మట అక్కాతమ్ములు ఆటలో హిందీలో కొట్లాడుకొనిరి. బిడ్డలు కోపములో ఏ భాష మాటాడుదురో అదియే వారి భాషయని మా అనుభవము. తెలుగు చెప్పి జీవించు మా యింటనే ఇట్లు జరుగుట చూచి, శనివారము సాయంకాలము చావడిలో చాప పరచి తెలుగు తరగతి పెట్టితిమి.

వెలింగ్టనులోనే మద్రాసు రెజిమెంటు కేంద్రము కలదు. దక్షిణ రాష్ట్రముల యువకులు అచ్చట సైనికులుగా తయారగుదురు. వారిలో మనవారు అనేకులు. మా తరగతికి ఇద్దరు ఆఫీసర్ల బిడ్డలును, నలుగురు జవానుల బిడ్డలును వచ్చిరి, మావారితో ఎనమండుగురు. ఒక పరిచితురాలు వచ్చి, అందరిని ఒకే చాపమీద కూర్చుండబెట్టితిరేయని మెల్లగా అడిగిరి. మా యింట ఒకటే చాప యున్నదని చెప్పితిమి. ఆమె మరల అడుగలేదు. మరుసటి వారము తమ బిడ్డను పంపలేదు. మిగిలినవారు వచ్చుచునేయుండిరి. శ్రీకాకుళమునుండి వచ్చిన హవల్దారుగారి కుమార్తె "ఏటి" అనుచుండగా విని మా పిల్లలును ప్రతిదానికి "ఏటి, ఏటి" అనసాగిరి. దిద్దవలెనని మాకు తోచలేదు. వ్యాకరణము చెప్పలేదు, పద్యము కంఠస్థము చేయించలేదు. వారమునకు ఒక్క పని: ప్రతి బిడ్డయు ఊరనున్న నాయనమ్మకో అమ్మమ్మకో ఒక ఉత్తరము వ్రాయవలెను. చదువు రాని నాయనమ్మకు పొరుగువారు చదివి చెప్పుదురు. జవాబు వచ్చిననాడు తరగతి యంతయు విని తీరవలెను. మా అత్తగారు పెన్సిలుతో వ్రాసిన కార్డులు ఇప్పటికిని మాయొద్ద నున్నవి. ఒకదానిలో, "ఏటి అంటే ఏమిటి, ఏటిలో పడ్డావా?" అని యుండెను.

ఆ సంవత్సరము మన రాష్ట్రమునకు నెమ్మది లేదు. రాష్ట్ర విభజన నిర్ణయముపై ఆగస్టునుండి అక్టోబరు వరకు సమ్మెలు సాగినవి. ఊరినుండి వచ్చు ప్రతి ఫోనులోను బస్సులు లేవు, బడులు లేవు అను వార్తయే. పిల్లల చదువు చెడునని భయపడి కొండయెక్కిన మా బిడ్డలు దినదినము బడికి పోవుచుండగా, గుంటూరి పిల్లలు ఇండ్లలో కూర్చుండిరి. ఏది సురక్షితమో ముందుగా లెక్కకట్టుట యెవరికి సాధ్యము?

నవంబరులో ఈశాన్య ఋతుపవనపు వానలు నీలగిరులమీద కురియుచుండగా, హెలెన్ తుపాను మన తీరమువైపు వచ్చుచున్నదని తెలిసెను. 22వ తేదీన మచిలీపట్నమునకు సమీపమున తీరము దాటెను. రేపల్లె ప్రాంతము అచ్చటికెంతో దూరము కాదు. అత్తగారి ఫోను మోగలేదు. పొరుగువారి ఫోనును మోగలేదు. మావారికి ఆనాడు తరగతిలో నిలుచుండి జవాబు సమర్థించుకొనవలసిన దినము. పోయి సమర్థించుకొని వచ్చిరి. ఇంటికి వచ్చి యూనిఫారముతోనే ఫోనుయొద్ద కూర్చుండిరి. కొండమీదినుండి పల్లె చేరుటకు ఒక రాత్రియు ఒక పగలును పట్టును. చేరినను గాలిని ఆపలేరు గదా. మరునాటి సాయంకాలము పొరుగింటి అబ్బాయి మాటాడెను. ముసలమ్మగారిని ముందుగనే ఊరి బడికి చేర్చిరట, ఇంటిమీది పెంకులు ఒక ప్రక్కన లేచిపోయినవి, ఆమె క్షేమము. వారము తిరుగకమునుపే లెహర్ అను మరియొక తుపాను వచ్చుచున్నదనిరి. తీరము చేరులోపల అది బలహీనపడెను. ఆ రెండు వారములలో మావారి నుదుటిమీద ఏర్పడిన గీత మరల పోలేదు. కుటుంబమును వెంటదీసికొని పోవుదుమని అందరమును అనుచుందుము. వెంట రానివారును కుటుంబమేయని లెక్కలో వ్రాయము. పోవుటకు ఆలోచించు తల్లులు తొలుత ఈ పంక్తి వ్రాసికొందురు గాక. ఊరిలో పెద్దలకు ఎవరు తోడుందురు, వారి ఫోను నంబరు ఏది, కప్పు ఎట్లున్నది? మేము కప్పు చూడుడని బయలుదేరుటకు ముందే ఒక మేస్త్రీకి చెప్పి, పెంకులు సర్దించి పోయితిమి గనుక సగమైనను నిలిచెను.

జనవరి తరువాత కాలము వేగముగా గడిచెను. చలి తగ్గెను, టీ తోటలలో క్రొత్త చిగురు వచ్చెను, ఆదివారములలో మావారు బిడ్డలను సిమ్స్ పార్కునకు తీసికొనిపోయి, తిరిగివచ్చుచు, ఫీల్డ్ మార్షల్ మానెక్‌షా ఒకప్పుడు ఇదే కళాశాలకు అధిపతిగా నుండి, 2008లో ఇదే పట్టణపు సైనిక ఆసుపత్రిలో కన్నుమూసిరని చెప్పుచుండిరి. శిక్షణ ముగియు దినములు సమీపించినకొలది వీధి యంతయు ఒకే మాట: ఎవరెవరిని ఎచ్చటికి పంపుదురు? తల్లులు కూరగాయలయొద్ద కూడినను అదియే మాట. మావారికి మరల కుటుంబములు పోగూడని చోటు వచ్చెను. వారు కాగితము బల్లమీద పెట్టి, ఏమియు అనక, బయటికి పోయి పెట్టెలకు తెల్లరంగు కలుపసాగిరి. చిన్నవాడు కుంచె అందించుచుండెను.

ఏప్రిలులో కోయంబత్తూరు స్టేషనులో విడిపోయితిమి. వారి రైలు ఉత్తరమునకు, మాది గుంటూరికి. రెండు నెలలు తిరుగకమునుపే, 2014 జూను 2న, తెలంగాణము వేరు రాష్ట్రమైనది. గుంటూరిలో ఏ గోడను చూచినను పాత పటమే వ్రేలాడుచుండగా, మా పెద్దపిల్ల సైనిక పటములు చూచిన అలవాటుచేత, పెన్సిలు తీసికొని మా యింటి పటమున క్రొత్త సరిహద్దు తానే గీచినది. ఆ నెలలోనే మన పాఠశాలలో నాలుగవ తరగతిలో చేరెను. తెలుగు వాచకము చదువునప్పుడు స్వరము హిందీవలె నుండుటచేత పిల్లలు నవ్విరి. శనివారపు ఉత్తరముల పుణ్యమా యని అక్షరములు మరువలేదు గాని, ఒత్తులు కొన్ని జారినవి. దసరా సెలవులవరకు దినమొక పుట వ్రాయించితిమి. మాకు ఆ సంవత్సరపు జీతము పోయినది. ఇంక్రిమెంటు ఒకటి వెనుకబడినది. బల్లమీద మా పుస్తకములు మాత్రము పెట్టిన చోటనే యున్నవి. మా స్థానమున పనిచేసినవారు వాటి దుమ్ము దులుపుచునేయుండిరి.

ఆ తల్లితో, పొమ్మనియు చెప్పలేదు, ఉండుమనియు చెప్పలేదు. పెద్ద బిడ్డ పదవ తరగతిలో నున్నచో మేమైనను కదలియుండెడివారము కాము. మా బిడ్డలు చిన్నవారు. ఆమె బిడ్డ ఏ తరగతియో, ఆమె యింట పెద్దలెవరో ఆమెకు తెలియును. బిడ్డ మాటాడక ఆరు వారములుండిన భయపడవలదని మాత్రము చెప్పితిమి. వెంట ఒక చాపయు, పోస్టుకార్డుల కట్టయు తీసికొని పొమ్మంటిమి.

ఆగస్టులో మావారినుండి పెద్దపిల్ల పేర ఒక ఉత్తరము వచ్చెను. వెలింగ్టనులో మా శనివారపు తరగతి ప్రక్క గదినుండి వినుచుండినవారు గనుక, ఈసారి ఇంగ్లీషున వ్రాయక తెలుగున వ్రాసిరి, పండ్రెండు పంక్తులు. పిల్ల రెండుసార్లు చదివి, పెట్టెలోనుండి ఎఱ్ఱ పెన్సిలు తీసి, "పాటము" అని యున్నచోట గీత గీచి, పైన "పాఠము" అని వ్రాసి, క్రింద పదికి ఎనిమిది మార్కులు వేసి, మరునాటి టపాలో ఆ యుత్తరమునే తండ్రికి తిరుగ పంపినది.